50-0 అంటే సరిపోదు: బాక్సర్ల రికార్డుల మీద వాదించడం ఎలా

2015 మే 3, ఆదివారం పొద్దున. లాస్ వేగస్‌లో అది ఇంకా శనివారం రాత్రే. అమెరికా బాక్సర్ ఫ్లాయిడ్ మేవెదర్, ఫిలిప్పీన్స్ బాక్సర్ మానీ పకియావోల బౌట్ చూడటానికి స్నేహితుడి గదిలో ఆరుగురం చేరాం, ఇడ్లీ పొట్లాలు కట్టించుకుని మరీ. పన్నెండు రౌండ్లు అయ్యాక జడ్జీలు మేవెదర్‌కి 118-110, 116-112, 116-112 ఇచ్చారు. నేను లేచి "నలభై ఎనిమిదికి నలభై ఎనిమిది, ఇంక వాదనేముంది, చరిత్రలో ఇతనే నంబర్ వన్" అని తొడ కొట్టినంత పని చేశాను. మూల కుర్చీలో కూర్చున్న మా స్నేహితుడి బాబాయి, రిటైర్డ్ పీఈటీ మాస్టారు, చేతిలో ప్లేటు పక్కన పెట్టి ఒక్కటే అడిగారు: "ఒరేయ్, ఆ నలభై ఎనిమిది మందిలో ఓ పది పేర్లు చెప్పు." ఆరు చెప్పాను. ఏడో పేరు దగ్గర నోరు పెగల్లేదు. గదిలో అందరూ నవ్వారు. నేను చట్నీ కలుపుకుంటూ కూర్చున్నా.

ఆ తర్వాత కూర్చుని నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నా. ఉదాహరణకి ఎక్కువగా మేవెదర్‌నే తీసుకుంటాను, ఎందుకంటే 50-0 (యాభై గెలుపులు, ఓటములు సున్నా) అనే అంకె మన కుర్రాళ్ళ నోట్లో నానినంతగా ఇంకే బాక్సర్ రికార్డూ నానలేదు. పక్కన పాతకాలం ఛాంపియన్లు మార్సియానో, షుగర్ రే రాబిన్సన్, అలీ, జో లూయిస్ వస్తూ పోతూ ఉంటారు.

ముందు ఏ ప్రశ్న మీద కొట్టుకుంటున్నారో తేల్చుకోండి

సచినా కోహ్లీనా అని మన దగ్గర జరిగే గొడవ చూడండి. ఒకడు మొత్తం సెంచరీలు లెక్కపెడతాడు, ఇంకొకడు ఛేజింగ్ గురించి మాట్లాడతాడు, ఇద్దరూ ఒకే విషయం మీద వాదిస్తున్నాం అనుకుంటారు. బాక్సింగ్‌లో ఇది ఇంకా ఘోరం. "గొప్ప" అన్న ఒక్క మాట కింద కనీసం మూడు వేరువేరు ప్రశ్నలు దాక్కుని ఉంటాయి.

కెరీర్ మొత్తం మీద ఎవరు ఎక్కువ సాధించారు అన్నది ఒకటి. మంచి ఊపులో ఉన్న రెండు మూడేళ్ళలో ఎవరు ఎక్కువ భయపెట్టారు అన్నది రెండోది. టైసన్ అభిమానులు వాదించేది ఎప్పుడూ ఈ రెండోదే, తమకి తెలియకుండానే. 1986 నవంబరులో 20 ఏళ్ళ 4 నెలల వయసులో హెవీవెయిట్ బెల్టు కొట్టి, 1988 జూన్‌లో అప్పటిదాకా ఓటమి ఎరగని మైకేల్ స్పింక్స్‌ని 91 సెకన్లలో పడుకోబెట్టిన టైసన్ వేరు, మొత్తం కెరీర్ టైసన్ వేరు. ఇక మూడోది టైమ్ మెషీన్ ప్రశ్న: ఇతన్నీ అతన్నీ ఒకే రింగులో దింపితే ఎవరు గెలుస్తారు? సరదాకి బాగుంటుంది, తేలేది మాత్రం ఏమీ ఉండదు. వాదన అటు మళ్ళిందంటే టీ చెప్పేయండి.

కాబట్టి మొదటి మాటగా ఎదుటివాణ్ణి అడగాల్సింది "గొప్ప అంటే నీ లెక్కలో ఏంటి?" అని. విసుగ్గానే ఉంటుంది, కానీ ఇది అడక్కుండా మొదలుపెడితే గంట తర్వాత ఇద్దరూ గొంతు పోగొట్టుకుని, మొదలుపెట్టిన చోటే ఉంటారు. ఇక్కడ నేను చెప్పేదంతా మొదటి ప్రశ్న గురించే, అంటే మొత్తం కెరీర్.

అంకెని నమ్మేవాడికి మొదటి దెబ్బ

వాన్‌హెంగ్ మెనయోతిన్ అనే పేరు విన్నారా? థాయ్‌లాండ్ బాక్సర్, అన్నిటికంటే తక్కువ బరువు విభాగంలో ఛాంపియన్. 2018లోనే మేవెదర్ 50ని దాటేశాడు, 54-0 దాకా వెళ్ళాడు, 2020 నవంబరులో మొదటిసారి ఓడాడు. అంకె ఒక్కటే కొలబద్ద అయితే మేవెదర్ కంటే ఇతనే గొప్ప. అలా అనే మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. ఎదుటివాడు "ఫిఫ్టీ అండ్ ఓ" అనగానే ఈ పేరు బయటికి తీయండి, తర్వాత ఐదు నిమిషాలు మీరే మాట్లాడొచ్చు.

అంకె తిరగేసి చూసినా అంతే. మేవెదర్ గెలుపులు 50, టైసన్ గెలుపులు కూడా 50. ఒకరికి ఓటములు సున్నా, ఇంకొకరికి ఏడు, అందులో చివరిది 2024లో, 58 ఏళ్ళ వయసులో, ఒక యూట్యూబర్ చేతిలో. ఆ ఏడో ఓటమి 1988 నాటి టైసన్ గురించి మనకేం చెబుతుంది? ఏమీ చెప్పదు. కానీ రికార్డు కాగితం మీద అది కూడా ఒక గీతే, స్పింక్స్ గీత ఎంతుందో అంతే.

హోమ్స్ కథ ఇంకా బాధగా ఉంటుంది. మార్సియానో 49-0తో రిటైరయ్యాడు, అతని ఆఖరి బౌట్ 1955 సెప్టెంబర్ 21న. సరిగ్గా ముప్పై ఏళ్ళ తర్వాత, 1985 సెప్టెంబర్ 21న, అప్పటి హెవీవెయిట్ ఛాంపియన్ లారీ హోమ్స్ 48-0తో రింగులోకి వచ్చాడు, గెలిస్తే 49. ఓడిపోయాడు, అదే స్పింక్స్ చేతిలో, పాయింట్ల మీద. హోమ్స్ అప్పటికే టైటిల్‌ని 20 సార్లు నిలబెట్టుకున్నాడు. మార్సియానో నిలబెట్టుకున్నది 6 సార్లు. ఆ ఒక్క రాత్రి వల్ల ఒకరి పేరు పక్కన సున్నా ఉండిపోయింది, ఇంకొకరి పేరే చాలామందికి గుర్తు లేదు.

రికార్డు పేజీ చదవడం, వరసకి వరస

అసలు పని ఇదే. మిగతాదంతా నోటి దురద.

బాక్స్‌రెక్ లాంటి వెబ్‌సైట్‌లో బాక్సర్ పేరు కొడితే ఒక పట్టిక వస్తుంది: తేదీ, ప్రత్యర్థి, ఆ రోజుకి ఆ ప్రత్యర్థి రికార్డు, ఊరు, ఫలితం, ఎన్నో రౌండు. మామూలుగా అందరూ చూసేది పైన పెద్దక్షరాల్లో ఉండే మొత్తం. మీరు దాన్ని అరచేత్తో మూసేసి కింద వరసలు చదవండి. ఒక్కో వరస దగ్గర నాలుగు సంగతులు చూడాలి: ఆ రోజు ప్రత్యర్థి వయసెంత, అంతకు ముందు ఆరేడు బౌట్లలో ఏం చేశాడు, బరువు ఎవరికి కలిసొచ్చింది, గెలుపు ఎలా వచ్చింది.

రాబిన్సన్ పేజీలో 1943 ఫిబ్రవరి దగ్గరికి వెళ్ళండి. 5వ తేదీ డెట్రాయిట్‌లో జేక్ లమోటా చేతిలో పది రౌండ్ల తర్వాత పాయింట్ల మీద ఓటమి. అది రాబిన్సన్ మొదటి ఓటమి, అప్పటికి 40 వరస గెలుపులు. బరువు చూడండి, లమోటా 16 పౌండ్లు ఎక్కువ, మన లెక్కలో ఏడు కిలోల పైమాటే. కోడిపందెంలో కూడా ఇంత తేడా ఉంటే బరిలోకి దింపరు. ఇప్పటి బాక్సర్ అయితే ఏం చేస్తాడు? ఏడాది విశ్రాంతి, కొత్త కోచ్, ఒక సులువైన బౌట్. రాబిన్సన్ పేజీలో తర్వాతి వరస 19వ తేదీ, జాకీ విల్సన్ మీద గెలుపు. దాని తర్వాతి వరస 26వ తేదీ, మళ్ళీ లమోటా, మళ్ళీ డెట్రాయిట్, ఈసారి గెలుపు. మూడు వారాల్లో మూడు బౌట్లు, అందులో రెండు తనకంటే బరువైన ఒకే మనిషితో. ఆ ఓటమి తర్వాత ఎనిమిదేళ్ళ పైన, 1951 జులైలో లండన్‌లో ర్యాండీ టర్పిన్ కొట్టేదాకా, రాబిన్సన్ మళ్ళీ ఓడలేదు. లమోటాతో మొత్తం ఆరుసార్లు తలపడ్డాడు, ఐదు గెలిచాడు. ఈ వరసలు మొదటిసారి చదివిన రోజు నాకు 50-0 మీద మోజు సగం దిగిపోయింది.

ఇప్పుడు అదే కళ్ళతో మేవెదర్ పేజీ. ఇక్కడ నిజాయితీగా ఉండాలి, ఎందుకంటే మేవెదర్‌ని తక్కువ చేయడం కూడా ఒక ఫ్యాషన్ అయిపోయింది. 2001 జనవరి వరస చూడండి: డియెగో కొరాలెస్, 33-0, పొడగరి, చెయ్యి బరువు. మేవెదర్ అతన్ని ఐదుసార్లు కింద పడేశాడు, పదో రౌండులో అతని సొంత కోచ్ బృందమే బౌట్ ఆపేయించింది. ఓటమి ఎరగని మనిషిని ప్రైమ్‌లో ఉండగా అంత ఏకపక్షంగా కొట్టడం ఏ కాలంలో అయినా గొప్పే. 2013లో కనెలో అల్వారెజ్ కూడా ఓటమి లేకుండానే వచ్చాడు. అతనికి అప్పుడు 23 ఏళ్ళు, మామూలు లిమిట్ 154 పౌండ్లు అయితే ఒప్పందం ప్రకారం 152కి దిగాల్సి వచ్చింది. ఈ రెండు పౌండ్ల సంగతి చెప్పాలి. దాంతోపాటు మేవెదర్‌కి ఆ రోజు 36 ఏళ్ళని కూడా చెప్పాలి. మనకి కావలసిన సగం చెప్పి మిగతా సగం మింగేస్తే ఎదుటివాడు ఫోన్ తీసి అక్కడికక్కడే మన పరువు తీస్తాడు.

2002 ఏప్రిల్ వరస ఇంకో రకం. హోసే లూయిస్ కాస్టియో మీద పాయింట్ల గెలుపు. చూసినవాళ్ళలో చాలామంది కాస్టియోనే గెలిచాడనుకున్నారు. జడ్జీలు అటు ఇంకో రెండు మూడు రౌండ్లు వేసి ఉంటే 50-0 అనే మాటే పుట్టేది కాదు. అదే డిసెంబరులో మళ్ళీ తలపడి మేవెదర్ గెలిచాడు, అది అతని గొప్పతనం. చివరి రెండు వరసలు మాత్రం పలచన. 49వ గెలుపు ఆండ్రే బెర్టో మీద, అతను అంతకు ముందు ఆరు బౌట్లలో మూడు ఓడి వచ్చినవాడు. 50వది 2017 ఆగస్టులో కానర్ మెక్‌గ్రెగర్ మీద. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో అతనికి అదే మొదటి బౌట్, అంటే ప్రత్యర్థి రికార్డు గడిలో 0-0. మార్సియానో 49ని దాటించిన మెట్టు అది. నా లెక్కలో మేవెదర్ రికార్డు 49, ఆ ఒక్కటి వ్యాపారం. కోపం వస్తే రానివ్వండి.

చావెజ్ అభిమానులు తగిలితే కూడా ఇదే పద్ధతి. మెక్సికో వీరుడు, 87 వరస గెలుపులతో 1993లో పెర్నెల్ విటకర్ ముందుకి వచ్చాడు, డ్రా ఇచ్చారు. విటకర్ గెలిచాడని చూసినవాళ్ళు ఇప్పటికీ అంటారు, నేనూ అంటాను. ఆ 87లో మొదటి భాగం ఎక్కువగా సొంతగడ్డ మీద స్థానిక బాక్సర్లతో సాగింది. కానీ అదే జాబితాలో 1990 మార్చి 17 కూడా ఉంది: మెల్డ్రిక్ టేలర్ ముగ్గురు జడ్జీల్లో ఇద్దరి స్కోరు కార్డుల మీద ముందున్నాడు, చివరి రౌండు, చావెజ్ పడేశాడు, టేలర్ లేచాడు, రిఫరీ ఆపేశాడు, గడియారంలో మిగిలింది 2 సెకన్లు. ఒకే రికార్డులో ఊకా ఉంటుంది, బియ్యమూ ఉంటుంది. చెరగాల్సింది మనమే.

"ముసలాళ్ళని కొట్టాడు" అనే వాదన

మార్సియానో పేరెత్తగానే ఎవరో ఒకరు ఈ మాట అంటారు. నిజమే, జో లూయిస్‌ని కొట్టినప్పుడు లూయిస్‌కి 37, జెర్సీ జో వాల్కాట్‌కి 38. లూయిస్ వరసని నేను కూడా పెద్దగా లెక్కలోకి తీసుకోను. కానీ వాల్కాట్ వరస దగ్గర ఆగండి. 1952 సెప్టెంబర్ 23, ఫిలడెల్ఫియా. మొదటి రౌండులోనే మార్సియానో కింద పడ్డాడు, కెరీర్‌లో మొదటిసారి. పన్నెండు రౌండ్లు అయ్యేసరికి ముగ్గురి కార్డుల మీదా వెనకబడ్డాడు. పదమూడో రౌండులో వాల్కాట్ తాడు దగ్గరికి జరిగాడు, మార్సియానో కుడి చెయ్యి పట్టుమని అడుగు దూరం కూడా ప్రయాణం చేయలేదు, వాల్కాట్ ఒక చెయ్యి తాడుకి వేలాడదీసుకుని మోకాళ్ళ మీదికి జారిపోయాడు. వయసు 38 అని రాసినా, ఆ రాత్రి వాల్కాట్ బాగా ఆడాడు అన్నది వీడియోలో కనిపిస్తుంది. వయసు గడి ఒక్కటే చూస్తే ఇది దొరకదు.

పైగా మార్సియానో బరువు 185 పౌండ్ల చుట్టుపక్కల. ఇప్పుడైతే అతన్ని హెవీవెయిట్ అననే అనరు, 200 లోపు క్రూయిజర్‌వెయిట్‌లో వేస్తారు. చేతులు కూడా పొట్టి. 49లో 43 నాకౌట్లు ఆ చేతులతోనే.

కాలం తేడాని ఎలా సర్దాలి

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. "మేవెదర్ ఐదు వెయిట్ క్లాసుల్లో ఛాంపియన్, రాబిన్సన్ రెండే" అని ఒకడు అంటాడు. రెండూ నిజాలే, పోలికే తప్పు. రాబిన్సన్ కాలంలో ప్రధానంగా ఎనిమిది వెయిట్ క్లాసులు, సాధారణంగా ఒక్కోదానికి ఒక్క ఛాంపియన్. ఇప్పుడు పదిహేడుకి పైగా క్లాసులు, దాదాపు ప్రతిదానికీ నాలుగు ప్రధాన సంస్థల బెల్టులు. పూర్వం తాలూకాలు కొన్నే, ఇప్పుడు మండలాలు బోలెడు. తహసీల్దార్ల సంఖ్య పెరగడం వింత కాదు.

దీన్ని వాదనలో వాడాలంటే హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ని తీసుకురండి. 1937 అక్టోబరులో ఫెదర్‌వెయిట్ (126 పౌండ్లు), 1938 మేలో వెల్టర్‌వెయిట్ (147), అదే ఆగస్టులో లైట్‌వెయిట్ (135), మూడు టైటిళ్ళూ ఒకే సమయంలో చేతిలో. ఉన్నవే ఎనిమిది అయితే అందులో మూడు. ఇప్పటి లెక్కలో 126 నుంచి 147 వరకు మధ్యలో వచ్చే 130, 140 కూడా కలిపితే ఐదు క్లాసులు. పది నెలల లోపు. ఇది చెప్పాక ఎదుటివాడు కాసేపు ఏమీ మాట్లాడడు, అనుభవంతో చెబుతున్నా.

బౌట్ల సంఖ్య కూడా అంతే. మేవెదర్ 1996 నుంచి 2017 దాకా 50. రాబిన్సన్ 1940 నుంచి 1965 దాకా రెండు వందలు. నెలకి రెండుసార్లు రింగెక్కేవాడికి జలుబు ఉన్న రోజు, నిద్ర లేని రోజు, మనసు బాలేని రోజు కూడా బౌట్ ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు ఎక్కేవాడికి అలాంటి రోజు తగలకుండా చూసుకోవచ్చు. అప్పట్లో టైటిల్ బౌట్లు పదిహేను రౌండ్లు. 1982 నవంబరులో కొరియా బాక్సర్ డుక్ కూ కిమ్ చనిపోయాక పన్నెండుకి తగ్గించారు. అప్పుడు బౌట్ రోజే తూకం, ఇప్పుడు ముందురోజు. తూకం అయ్యాక తాగి తిని బరువు పెంచుకునే వెసులుబాటు ఇప్పటివాళ్ళకి ఉంది.

అలాగని పాతదంతా బంగారం అనకండి. ఇప్పటి శిక్షణ, తిండి, వీడియో చూసి ప్రత్యర్థిని చదివే అవకాశం అప్పుడు లేవు. పైగా ఆ కాలంలో నల్లజాతి బాక్సర్లకి టైటిల్ బౌట్ దొరకడమే గగనం, జాక్ డెంప్సీ ఛాంపియన్‌గా ఉన్నంతకాలం హ్యారీ విల్స్‌కి ఆ అవకాశం ఇవ్వలేదు. కాబట్టి ఆనాటి ఛాంపియన్ పేరు చెప్పినప్పుడు, బయట ఎవరిని నిలబెట్టేశారో కూడా చూడాలి. నేను చేసేది ఒకటే: ఎవరినైనా సరే ముందు వాళ్ళ కాలంలోని వాళ్ళతో పోలుస్తాను, తోటివాళ్ళ మీద ఎంత పైచేయి సాధించారో చూసి, ఆ పైచేయిని ఇంకొకరి పైచేయితో పోలుస్తాను. జో లూయిస్ 1937 జూన్ నుంచి 1949 మార్చి దాకా ఛాంపియన్, 25 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు, హెవీవెయిట్‌లో ఆ లెక్కని ఇంతవరకు ఎవరూ దాటలేదు. ఆ పైచేయికి కాలంతో పనిలేదు.

ఓటమిని చదవడం రావాలి

ఓటమి లేకపోవడం గొప్పే, కానీ ఓటమి ఉండటం తక్కువతనం కాదు. అలీకి ఐదు ఓటములు: 1971లో ఫ్రేజియర్, 1973లో నార్టన్, 1978లో లియాన్ స్పింక్స్, 1980లో హోమ్స్, 1981లో బెర్బిక్. మొదటి ముగ్గురినీ తర్వాత మళ్ళీ ఓడించాడు. చివరి రెండూ అసలు రింగెక్కకూడని రోజులవి. దీనికి ముందు 1967 నుంచి 1970 దాకా, 25 నుంచి 28 ఏళ్ళ వయసులో, సైన్యంలో చేరనన్నందుకు లైసెన్సు లాక్కుంటే ఒక్క బౌట్ లేకుండా మూడున్నరేళ్ళు పోయాయి. ఏ బాక్సర్‌కైనా అవి బంగారం లాంటి ఏళ్ళు. అలీ రికార్డులో ఆ ఏళ్ళు ఖాళీ, గెలుపూ లేదు ఓటమీ లేదు, కానీ వాదనలో వాటికి విలువ కట్టాలి.

రాబిన్సన్‌కి 19 ఓటములు. భయపెట్టే అంకె. తేదీలు పెట్టి చూడండి: అందులో పదమూడు 1960లోనూ, ఆ తర్వాతా వచ్చినవే, అంటే వయసు 38 దాటాక, డబ్బు కోసం 44 దాకా ఆడిన రోజుల్లో. మిగిలిన ఆరులో ఒకటి 1952 జూన్ 25 నాటిది, న్యూయార్క్ యాంకీ స్టేడియంలో, తనకంటే బరువైన జోయీ మాక్సిమ్ మీద లైట్ హెవీవెయిట్ టైటిల్ కోసం. ఆ రాత్రి లైట్ల కింద 104 డిగ్రీల ఫారెన్‌హీట్, మన రెంటచింతల ఎండని రాత్రిపూట రింగులో పోసినట్టు. పదో రౌండు అయ్యాక రిఫరీయే కుదేలైతే ఇంకొకర్ని తీసుకొచ్చారు. రాబిన్సన్ ముగ్గురి కార్డుల మీదా ముందున్నాడు. పదమూడో రౌండులో గాల్లోకి ఒక గుద్దు విసిరి తానే బోర్లా పడ్డాడు, పద్నాలుగో రౌండుకి స్టూలు మీంచి లేవలేకపోయాడు. రికార్డులో ఇది నాకౌట్ ఓటమి కిందే ఉంటుంది. నాకౌట్ చేసింది మాక్సిమ్ కాదు, ఎండ.

వీడియో చూడండి, మాట తగ్గించి

హైలైట్స్ చూసి వాదించేవాడితో వాదించకండి. రెండు నిమిషాల ముక్కలో ఎవరైనా సింహమే. మొత్తం బౌట్ పెట్టండి, కామెంటరీ మ్యూట్ చేయండి, ఒక కాగితం మీద రౌండు రౌండుకి 10-9 (రౌండు గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9) వేసుకోండి. కాస్టియో మొదటి బౌట్‌తో మొదలుపెట్టండి. నా కాగితం మీద కాస్టియో రెండు రౌండ్లు ముందున్నాడు, మీకు వేరేలా రావచ్చు. "మేవెదర్ పరిగెత్తేవాడు" అనేవాళ్ళకి కూడా ఇదే మందు: ఎడమ భుజం ముందుకి పెట్టి గుద్దుని దాని మీదుగా జార్చేసి, అదే కదలికలో కుడి చేత్తో బదులిచ్చే ఆ పద్ధతిని నాలుగు రౌండ్లు వరసగా చూస్తే పరుగు అనే మాట మళ్ళీ అనరు.

ఒక్క జాగ్రత్త. రాబిన్సన్ వెల్టర్‌వెయిట్‌గా మంచి ఊపులో ఉన్న 1940ల వీడియో చాలా తక్కువ మిగిలింది. మనం చూసేది ఎక్కువగా ఆ తర్వాతి రాబిన్సన్‌ని. కాబట్టి "కళ్ళతో చూస్తే మేవెదరే షార్ప్‌గా ఉన్నాడు" అనే మాటలో కెమెరా వాటా కూడా ఉంది.

నిఖత్, మేరీ కోమ్ వాదనకి ఈ కొలత పనికిరాదు

మన నిజామాబాద్ అమ్మాయి గురించి వాదన వస్తే పైన చెప్పినవన్నీ పక్కన పెట్టండి. అమెచ్యూర్ బాక్సింగ్‌లో గెలుపు ఓటముల మొత్తం చూడరు, టోర్నమెంట్ చూస్తారు. నిఖత్ జరీన్ రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్: 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల్లో, 2023లో ఢిల్లీలో 50 కిలోల్లో. మేరీ కోమ్ ఆరుసార్లు, పైగా లండన్ ఒలింపిక్ కాంస్యం. ఆ కాంస్యాన్ని తూచేటప్పుడు, 2012లో మహిళలకి మూడే మూడు విభాగాలు పెట్టారనీ, 46, 48 కిలోల్లో ఆడిన మేరీ కోమ్ 51కి ఎక్కాల్సి వచ్చిందనీ గుర్తుంచుకోండి. 2019 డిసెంబర్ ట్రయల్స్‌లో నిఖత్ మేరీ కోమ్ చేతిలో 9-1తో ఓడింది, అది దాచొద్దు. రెండున్నరేళ్ళు తిరక్కుండా అదే అమ్మాయి ప్రపంచ ఛాంపియన్ అయింది, అదీ దాచొద్దు. నా మాట అడిగితే కెరీర్ మొత్తం మీద ఇప్పటికి మేరీ కోమ్ చాలా పైన. మా నిజామాబాద్ ఫ్రెండ్స్ దీనికి నాతో వారం మాట్లాడలేదు.

ఆఖరి గడి, పేజీలో ఉండనిది

మెక్‌గ్రెగర్ బౌట్ అయిన ఆదివారం బాబాయికి ఫోన్ చేశాను. రెండేళ్ళ నాటి బాకీ. "బాబాయ్, ఇప్పుడు చెబుతున్నా వినండి" అని మేవెదర్ పేర్లు పది కాదు పాతిక చదివాను, ఎవరి వయసెంతో, ఎవరి బరువెంతో కూడా చెప్పాను. చివర్లో "ఇంతా చేసి నేను కూడా మీ రాబిన్సన్ పార్టీలోకే వచ్చేశా" అన్నాను. ఇంకో సంగతి కూడా చెప్పాను, మనం గదిలో కొట్టుకున్న ఆ మే 3 రాబిన్సన్ పుట్టినరోజని.

ఆయన నవ్వి, "బాగానే చదివావు. మరి రాబిన్సన్ ఎవరితో ఆడలేదో చెప్పు" అన్నారు.

మేవెదర్ గురించి అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. పకియావోతో 2009 చివర్లో మొదలైన మాటలు రక్తపరీక్షల దగ్గర చెడి 2015 దాకా సాగాయని, ఆలోపు పకియావోకి 36 వచ్చేశాయని, మార్గరీటో అనే ఇంకో బాక్సర్‌తో ఆడలేదని కూడా అభిమానులు అంటారని. రాబిన్సన్ గురించి మాత్రం ఆ ప్రశ్న నేనెప్పుడూ వేసుకోలేదు. ఇష్టమైనవాడు కదా.

"చార్లీ బర్లీ" అన్నారు ఆయన. "పిట్స్‌బర్గ్ వాడు. తర్వాత ఛాంపియన్ అయిన ఆర్చీ మూర్‌నే కొట్టాడు. వాడికి ఒక్క వరల్డ్ టైటిల్ బౌట్ ఇవ్వలేదు. మీ రాబిన్సన్ కూడా వాడితో రింగెక్కలేదు. రాసుకో."

పెన్ను వెతుక్కున్నా.